పికప్ బండికి ఆటోమేటిక్ ఫోర్ వీల్: స్విచ్చిలో నున్నదా, పెట్టెలో నున్నదా?

గడచిన కార్తికమాసమున ధర్మసాగర్ ప్రాంతపు సభ్యుడొకరు మన సంఘపు కార్యాలయమునకు వచ్చి ఋణమునకై దరఖాస్తు నిచ్చిరి. కోరిన మొత్తము నలుబదియైదువేల రూపాయలు. కారణమను గడిలో "ఫోర్ వీల్ ఆటోమేటిక్ చేయించుటకు" అని వ్రాసియుండెను. కమిటీలోని పెద్దలు ఆ మాటను రెండుమూడుమార్లు చదివిరి. బోరునకు, గొడ్లకు, విత్తనములకు, పైపులకు అప్పడిగినవారిని చూచియున్నారు గాని యిట్టి దాని కడిగినవారిని వారెన్నడును చూడలేదు. మోటారుబండ్లతో నాకు కొంత పరిచయము గలదని యెఱిగి, సంగతి విచారించి చెప్పుమని నా కప్పగించిరి. విచారించిన కొలదియు నిది యొక్కరి సంగతి కాదనియు, ఫోర్ వీల్ పికప్ బండి గల రైతులందఱికిని, కొనదలచిన వారికిని అక్కఱకు వచ్చుననియు తోచినందున నిచట వ్రాయుచున్నాను.

ఆ సభ్యునిది ధర్మసాగర్ జలాశయమునకు దిగువనున్న పొలము. దేవాదుల ఎత్తిపోతల పథకముచేత గోదావరినీరు ఈ జలాశయమునకు చేరుచుండుటవలన, వెనుక వానను నమ్మి మెట్టపైరు వేసిన చోట్లను నేడు వరి నాటుచున్నారు. నీటితోపాటు బురదయు వచ్చినది. రేగడినేలమీది బండ్లబాట కార్తికము దాటినను చక్కగ నాఱదు. ఆ బాటమీద కొంతసేపు పెనగులాడి వచ్చిన బండియే తారురోడ్డెక్కి, కాజీపేట హనుమకొండల మీదుగా, వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టు చేరవలయును. అనగా నొక్క ప్రయాణములోనే బురదయు తారును రెండును తగులును. ఈ మాట మనసున నుంచుకొనిన తక్కిన కథ సులభముగ బోధపడును.

ఆయనది పాతది కొన్న ఫోర్ వీల్ పికప్. ఇట్టి బండిలో సాధారణముగ ఇంజను బలము వెనుకచక్రములకే పోవును. చక్రములు జాఱునప్పుడు డ్రైవరు మీట త్రిప్పిన ముందుచక్రములకును పోవును. మీటపై మూడు గుర్తులుండును. 2 హెచ్ అనగా వెనుకచక్రములు మాత్రమే. 4 హెచ్ అనగా నాలుగుచక్రములు, మామూలు వేగము. 4 ఎల్ అనగా నాలుగుచక్రములు, మిక్కిలి నెమ్మది, మిక్కిలి బలము. పత్తి ఏరు దినములలో జీతమునకు పెట్టుకొన్న కుఱ్ఱవాడు పొలములో 4 హెచ్ వేసి, రోడ్డెక్కిన తరువాత తీయ మఱచి, మార్కెట్టు వఱకు నట్లే తోలెను. ఒకనాడు గాదు, ఆ ఋతువంతయు. మలుపులలో బండిని వెనుకనుండి యెవరో పట్టి లాగినట్లు బిగిసెడిదట; టైర్లు కీచుమని యఱచెడివట. బరువెక్కువైనదని తలచి యతడు లక్ష్యపెట్టలేదు. తుదకు మీటను 2 హెచ్‌నకు త్రిప్పినను పట్టు విడువలేదు. విప్పి చూడగా ట్రాన్స్‌ఫర్ కేసులోని గొలుసు సాగి, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు చెడియుండెను. ఆ మరమ్మతు ఆ యేటి పత్తి సొమ్ములో మంచిపాలు మ్రింగినది. అప్పుడే ఒక వర్క్‌షాపువారు, "ఫోర్ వీల్‌ను ఆటోమేటిక్ చేసికొన్నచో మఱచిపోవుట యను మాటయే యుండదు" అని చెప్పిరి. దరఖాస్తు పుట్టుక యిది.

ఫోర్ వీల్ తారుమీద నేల నిట్టి చెఱుపు చేయవలయును? కళ్లమున బంతి తోలిన పెద్దలకు ఈ సంగతి వేఱుగ చెప్ప నక్కఱలేదు. రాటను చేరియున్న యెద్దు చిన్నసున్న చుట్టును; అంచుననున్న యెద్దు పెద్దసున్న చుట్టును. లోపలిది ఒక యడుగు వేయునంతలో వెలుపలిది రెండుమూడు వేయవలయును. రెండింటి కాళ్లను కఱ్ఱతో బిగించి, ఒకే లెక్కగా నడువుడన్నచో, ఒకటి ఈడ్వబడును, లేదా కఱ్ఱ విఱుగును. బండియు నంతే. మలుపు తిరుగునప్పుడు ముందుచక్రములు పెద్దసున్నను, వెనుకచక్రములు చిన్నసున్నను చుట్టును. రెండిరుసుల నడుమ మూడు మీటర్ల దూరము గల బండి యొకటి, వెనుక యిరుసు ఆఱు మీటర్ల వ్యాసార్ధముతో నడచునట్లు పావుచుట్టు తిరిగినదనుకొందము. వెనుక యిరుసు నడచినది 9.4 మీటర్లు, ముందు యిరుసు నడచినది 10.5 మీటర్లు. తేడా దాదాపు రెండున్నర మూరలు. ఒక్క మలుపునకే యింత!

4 హెచ్ వేసినప్పుడు రెండిరుసులును ట్రాన్స్‌ఫర్ కేసులోని యినుపపండ్లచేత నొక్కటిగ బిగిసిపోవును. రెండున్నర మూరల తేడాకు అచట చోటులేదు. బురదలోనైన ఏదో యొక చక్రము కొంత జాఱి తేడాను తీర్చుకొనును, ఎవ్వరికిని నష్టములేదు. తారుమీద చక్రము సులభముగ జాఱదు. ఆ బలమంతయు షాఫ్టులలో, గొలుసులో, పండ్లలో మెలివడి నిలిచిపోవును. పండ్లమీద నొత్తిడి యుండుటచే మీట త్రిప్పినను విడిరావు. ఫోర్ వీల్ ట్రాక్టరు గలవారు దీని నిదివఱకే మఱొక రూపమున చూచియుందురు. ట్రాక్టరులో ముందుచక్రములు వెనుకవానికంటె నూటికి ఒకటి మొదలు అయిదు పాళ్లవఱకు ముందు నడుచునట్లు కార్ఖానాలోనే యేర్పఱతురు. పొలములో నది మేలు. ఆ పట్టును తీయక తారురోడ్డుమీద ట్రాలీ లాగిన ముందుటైర్లు చూచుచుండగనే అరిగిపోవును. టైర్లు నాసిరకమని అంగడివానితో జగడమాడిన వారిలో కొందఱి తప్పు ఆ మీటదే.

ఇక ఆటో సంగతి. నిజమైన ఆటో యేర్పాటులో పండ్లకు బదులు ప్లేట్లుండును. నూనెలో మునిగియున్న పలుచని ప్లేట్ల దొంతర యది; ఒకటి విడిచి యొకటి వెనుక షాఫ్టునకును ముందు షాఫ్టునకును చెందియుండును. వానిని గట్టిగ నొక్కిన ముందుచక్రములకు బలము పోవును, వదలిన పోదు, కొంచెము నొక్కిన కొంచెము పోవును. రెండు షాఫ్టుల వేగమును కొలుచుటకు సెన్సారులును, వాని లెక్కచూచి యెంత నొక్కవలయునో నిర్ణయించు కంప్యూటరుపెట్టెయు, నొక్కుటకు మోటారు గాని విద్యుదయస్కాంతము గాని యుండును. వెనుకచక్రము జాఱి వేగమెక్కగానే ప్లేట్లు నొక్కబడును. పట్టు దొరకగానే వదలబడును. మలుపులోని చిన్నతేడాను ప్లేట్లు తమలో తాము జాఱి తీర్చుకొనును గనుక తారుమీదను చెఱుపు లేదు. డ్రైవరు మఱచినను బండి మఱవదు. జీతపు డ్రైవరు చేతిలో బండి పెట్టిన రైతు దీనిని కోరుటలో వింతయేమియు లేదు. ఆ సభ్యుని కోరిక న్యాయమైనదే.

ఇది క్రొత్త విద్య కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపులో ముందుచక్రములకు బలమిచ్చుటకు వేఱుగ నొక మీట యుండెను. దానిలోపలిది పండ్ల యేర్పాటే. యుద్ధానంతరము మహీంద్రావారు ఆ జీపులనే మనదేశమున కూర్చి యమ్మసాగిరి. ఫోర్ వీల్ అనగా మనవారికి తెలిసినది చాలకాలము అదియే. అమెరికాలో జనరల్ మోటార్స్‌వారు 1999 మాడల్ సిల్వరాడో పికప్‌లలో ఆటోట్రాక్ అను పేర ప్లేట్ల ట్రాన్స్‌ఫర్ కేసు పెట్టిరి; అదే బండి మీటతో త్రిప్పు పండ్ల పెట్టెతోను దొరకుచుండెను. కావున నచట మీటబండి గలవాడు, పాతబండ్లు విప్పి యమ్ము చోట ఆటోబండి పెట్టెను, దాని కంప్యూటరును, స్విచ్చిని, తీగెలను కొని తన బండికి మార్చుకొనుట కలదు. ఒక కార్ఖానాలోనే రెండు విధములుగ తయారైన బండి గనుక ఒకదాని భాగములు రెండవదాని కమరుటకు వీలున్నది.

మన బండ్ల సంగతి వేఱు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజువారు 2016 నుండి తయారుచేయు డి-మాక్స్ వి-క్రాస్ గాని, 2022లో మనదేశమున అమ్మకమునకు వచ్చిన టొయోటా హైలక్స్ గాని, 2 హెచ్, 4 హెచ్, 4 ఎల్ అను మూడు గుర్తుల బండ్లే. మీటకు బదులు గుండ్రని స్విచ్చి యుండును. నడచుచుండగనే 4 హెచ్ వేయవచ్చును. కాని నిర్ణయము డ్రైవరుదే. ఇచట నొక మాటచేత మోసపోవువారు పెక్కురు. "ఈ బండి ఆటోమేటిక్, ఫోర్ వీల్ కూడ" అని అమ్మువాడు చెప్పును. ఆ ఆటోమేటిక్ గేర్లకు సంబంధించినది. క్లచ్చి త్రొక్కకయే గేర్లు మాఱునని దాని యర్థము. ఫోర్ వీల్ దానంతట నదే పడునని కాదు. రెండును వేఱువేఱు పెట్టెలు. టాటావారు ఆరియా, హెక్సా అను కార్లలో కొన్నిటికి దానంతట బలము పంచు ఫోర్ వీల్‌ను పెట్టిరి. అవి కార్లు, వారి జెనాన్ పికప్‌నకు స్విచ్చితో వేయు మామూలు ఫోర్ వీలే. కంపెనీ యొక్కటే గదా యని కారుపెట్టె కొనితెచ్చి పికప్‌నకు తగిలింపజూచుట డబ్బు నీళ్ల పాలు చేయుటయే.

ఇంత తెలిసికొని ఆ సభ్యునితో గూడ వర్క్‌షాపునకు పోతిని. మెకానిక్కుగారు చక్కని పనివారు. ఆయన మోసగాడని నేననను. బల్లమీద నాయన చూపినవి ఒక స్విచ్చి, అగ్గిపెట్టెలు రెండు కలిపినంత పెట్టె యొకటి, నాలుగు తీగెలు.

"లోపల ప్లేట్లు పెడ్తరా అన్నా?" అని యడిగితిని.

"ప్లేట్లతోని పనిలేదు సారూ. చక్రం జారంగనే ఇది మోటరుకు కరెంటు పంపుతది. ఫోర్ వీల్ దానంతట అదే పడ్తది" అనిరి.

చిక్కంతయు నా మాటలోనే యున్నది. ఆయన యేర్పాటుచేత మాఱునది డ్రైవరు చేయి మాత్రమే. లోపలి పండ్లు పండ్లుగనే యుండును. పండ్ల పట్టు పడవలెనన్న రెండు వైపులవియు సుమారుగ నొకే వేగమున తిరుగుచుండవలయును. వెనుకచక్రములు బురదలో గిరగిర తిరుగుచు, ముందుచక్రములు కదలక యున్నప్పుడు పట్టు వేయరాదని బండ్ల కంపెనీలవారు తమ పుస్తకములలోనే హెచ్చరించుచున్నారు. చక్రము జాఱుటకు ముందే ఫోర్ వీల్ వేసికొనవలెను గాని జాఱుచుండగ వేయరాదు. ఈ చిన్నపెట్టె యన్ననో, జాఱిన తరువాతనే మేలుకొని, వేయరాని క్షణముననే వేయును! తిరుగుచున్న తిరుగటిలో కఱ్ఱ పెట్టినట్లగును. ఒకటి రెండుమార్లు పండ్లు గీఱుకొని యూరకుండును, తరువాత విఱుగును. మఱియు పట్టు పడిన పిమ్మట తారుమీదికి వచ్చినప్పు డెప్పుడు విడువవలయునో దానికి తెలియదు. రెండిరుసులును బిగిసియున్నప్పుడు రెండు షాఫ్టుల వేగమును నొక్కటియే గదా, ఏ తేడాను చూచి విడుచును? ఈ ప్రశ్న వేయగా మెకానిక్కుగారు కొంతసేపు ఆలోచించి, "అది డ్రైవరే తీయాలె" అనిరి. అట్లయిన మఱచిపోవు జబ్బు మరల మొదటికే వచ్చినది.

సరియైన మార్పు చేయదలచిన ట్రాన్స్‌ఫర్ కేసునే మార్చవలయును. క్రొత్తపెట్టెలోని పండ్లలెక్క గేరుబాక్సు షాఫ్టుతో సరిపోవలయును. పొడవు మాఱిన ప్రొపెల్లర్ షాఫ్టులు రెండింటిని కోయించియో పొడిగించియో మరల తూకము చేయింపవలయును. సెన్సారులు, తీగెలు, కంప్యూటరు బండిలోని బ్రేకుల కంప్యూటరుతో పోరులేక పనిచేయవలయును. ముందు యిరుసు ఎల్లప్పుడును సిద్ధముగ తిరుగుచుండునట్లు చూడవలయును. ఇంతచేసినను చెడినప్పుడు విడిభాగము హనుమకొండలో దొరకదు. నలుబదియైదువేలు దీనికి మొదటి మెట్టునకును చాలవు.

చట్టపు మాటయు నొకటి గలదు. 1988 వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52 వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగ నిలిపినది. అదే సంవత్సరపు సవరణచట్టముచేత, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆఱునెలలవఱకు ఖైదు గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. కావున ఇట్టి మార్పు ఏదైనను తలపెట్టినవారు ముందుగ రవాణాశాఖ కార్యాలయమున వ్రాతమూలముగ నడిగి, జవాబు చేత పుచ్చుకొని, భీమాకంపెనీకిని తెలిపిన తరువాతనే సొమ్ము చెల్లింపవలెను.

నిజమైన ఆటో పెట్టె గల బండి దొరకినవారును కొన్ని సంగతులు తెలిసికొనుట మంచిది. మన యూళ్లలో ముందు రెండు క్రొత్తటైర్లు, వెనుక రెండు రీట్రేడు టైర్లు వేయుట వాడుక. ఆటో బండికి ఇది విషము. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ గనుక ఎక్కువమార్లు తిరుగును. కంప్యూటరు దానిని జాఱుటగ భావించి, చక్కని రోడ్డుమీదను ప్లేట్లను నొక్కుచునే యుండును. ప్లేట్లు కాలి అరిగిపోవును. నాలుగు టైర్లును ఒకే కొలత, ఒకే రకము, ఇంచుమించు ఒకే అరుగుదల గలవై యుండవలెను. దీర్ఘకాలము బురదలో పెనగులాడునప్పుడు ఆటోలోనే యుంచిన ప్లేట్లు జాఱి జాఱి వేడెక్కును. అచట 4 హెచ్ గాని 4 ఎల్ గాని వేసికొనవలయును. పెట్టెలోని నూనె కంపెనీ చెప్పినదే పోయవలెను గాని అంగటిలో దొరకిన గేరునూనె పోయరాదు.

మన సభ్యుని కథలో నాకు మిక్కిలి యక్కఱగ తోచిన దింకొకటి. మీబండి ఎచట దిగబడుచున్నదని యడుగగా, సరకుతో పోవునప్పుడు కాదట, మార్కెట్టునుండి వట్టిబండి తిరిగివచ్చునప్పుడట! పికప్ బండికి వెనుకభాగము బరువు మోయుటకే చేయబడినది; వట్టిగ నున్నప్పుడు వెనుకచక్రములమీద నొత్తిడి తక్కువై రేగడిలో నూరక తిరుగును. వచ్చునప్పుడు ఎరువుబస్తాలో, నాలుగు ఇసుకబస్తాలో వెనుక యిరుసుమీద వేసికొని, జాఱిపోకుండ కట్టి, టైర్లను చూచితిమి. వెనుకటైర్ల గాడులు పూర్తిగ నరిగి నున్నగ నుండెను. నున్నటి టైరునకు ఫోర్ వీల్ వేసిన నాలుగు చక్రములును కలిసి జాఱును, అంతియే భేదము. మహీంద్రావారి థార్ మొదలగు కొన్ని బండ్లలో వెనుక యిరుసులోనే, ఒక చక్రము ఊరక తిరిగిన రెండింటిని దానంతట బిగించు ఏర్పాటు గలదు. క్రొత్తబండి కొనువారు ఇట్టిది కలదేమో విచారించి కొనుట, పాతబండికి ఆటో పెట్టించుటకంటె ఎంతయో తేలిక.

చేతితో వేయు ఫోర్ వీల్‌ను వాడుటయు కష్టవిద్య కాదు. బాట దిగుటకు ముందే, చక్రములు నిటారుగ నుండగ, 4 హెచ్ వేసికొనవలెను. 4 ఎల్ వేయుటకు బండి నాపి గేరు న్యూట్రల్‌లో పెట్టవలెను. తారురోడ్డెక్కగానే 2 హెచ్‌నకు త్రిప్పవలెను. పట్టు విడువనిచో బలవంతము చేయక, బండిని తిన్నగ కొన్ని గజములు వెనుకకు నడిపి చూడవలెను. మెలి విప్పుకొని పట్టు విడును. మార్గము పొడిగ నున్న నెలలలోను నెలకొకమారు మట్టిబాటమీద కొంతదూరము 4 హెచ్‌లో నడిపిన లోపలి భాగములకు నూనె పాఱి పట్టు బిగుసుకొనిపోదు.

కమిటీ వారు ఆ దరఖాస్తును త్రోసివేసిరి. కాని అందులో సగము, నాలుగు ఒకే జత టైర్లకు, మంజూరు చేసిరి. డ్రైవరు మఱపునకు మందు వేఱొకటి చేసితిమి. 4 హెచ్ వేసినప్పుడు వెలుగు దీపము తీగెనుండి యొక చిన్న బజరునకు కరెంటు ఇప్పించితిమి; ఖర్చు మూడువందలు మించలేదు. పట్టు పడియున్నంత సేపు అది మ్రోగుచునే యుండును. ఇందులోను చిక్కు లేకపోలేదు: పొలములో ఆ రొద భరింపలేక కుఱ్ఱవాడు మొదటివారమే దానిమీద తువ్వాలు కుక్కినాడట. ఇపుడు దానిని యజమాని కూర్చుండు వైపునకు మార్పించిరి. మొన్న పత్తి తోలుకొని పోవునప్పుడు తారురోడ్డెక్కిన పది గజములలోనే ఆయన కేకవేసెననియు, కుఱ్ఱవాడు విసుగుకొనుచునే స్విచ్చి త్రిప్పెననియు తెలియవచ్చినది.